సరుకు మనది, తాళం వాళ్ళది

జగదేవ్‌పూర్‌లో బస్సెక్కిన ఆడమనిషి ఇవాళ హైదరాబాదు దాకా పైసా ఖర్చు లేకుండా పోయి రాగలదు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. అదే మనిషి కుట్టిన గుడ్డసంచి హైదరాబాదు శివార్లలో ఏ కంపెనీ గోడౌన్‌లోనో అమ్ముడుపోకుండా పడి ఉంటే మాత్రం, అది ఇంటికి తిరిగి రావడానికి టికెట్టు కొనాలి. అదీ మూటకు ఒకటి కాదు. సంచికొకటి.

ఆ టికెట్టు గురించి మనం పెద్దగా మాట్లాడుకోలేదు. మహిళా సంఘాలను ఆన్‌లైన్ మార్కెట్‌కు అనుసంధానం చేస్తున్నామని ప్రభుత్వమూ, కంపెనీలూ, ఆ పని నెత్తికెత్తుకున్న స్వచ్ఛంద సంస్థలూ కొన్నేళ్ళుగా చెబుతూనే ఉన్నాయి. అమెజాన్ 2017లో ‘సహేలీ’ పేరుతో, ఫ్లిప్‌కార్ట్ 2019లో ‘సమర్థ్’ పేరుతో మహిళల కోసం, చేతివృత్తుల వారి కోసం ప్రత్యేక కార్యక్రమాలు పెట్టాయి. తెలంగాణలో సెర్ప్ 2022లో ఫ్లిప్‌కార్ట్‌తో ఒప్పందం చేసుకుంది. ఇలాంటి సభలన్నిటిలో సరుకు ఎలా పోతుందో చెబుతారు. అమ్ముడుపోనిది ఎలా వస్తుంది, ఎవరి డబ్బుతో వస్తుంది అనేది చెప్పరు. మనమూ అడగం. అమ్మబోయే ముందే అమ్ముడుపోకపోతే ఎట్లా అని అడగడం అపశకునం లాగా అనిపిస్తుంది కాబోలు.

లెక్క వేసి చూద్దాం. జగదేవ్‌పూర్‌లో పది మంది సంఘం ఒకటి పిల్లల టిఫిన్ సంచులు కుడుతోందనుకుందాం. గుడ్డ, జిప్పు, దారం, కరెంటు కలిపి సంచికి 55 రూపాయలు. కుట్టినామె కూలి 30. మొత్తం 85. బ్యాంకు లింకేజీ రుణంలో కొంత తీసి నవంబరులో 400 సంచులు కుట్టి కంపెనీ గోడౌన్‌కు పంపారు. గోడౌన్‌లో పెడితేనే సరుకు తొందరగా చేరుతుందనీ, తొందరగా చేరే సరుకే తెర మీద ముందు కనబడుతుందనీ వాళ్ళకు చెప్పారు. ఏప్రిల్ నాటికి 112 అమ్ముడయ్యాయి. వాటిలో 19 కొన్నవాళ్ళు తిప్పి పంపారు. అంటే నికరంగా అమ్మింది 93. గోడౌన్‌లో ఇంకా 307 ఉన్నాయి. నెలనెలా ఘనపుటడుగుల లెక్కన అద్దె పడుతోంది. నిలవ ఉన్న నెలలు పెరిగే కొద్దీ ఆ అద్దె రేటూ పెరుగుతుంది. ఇక లాభం లేదు, వెనక్కి తెచ్చుకుందామని సంఘం అనుకుంది. సంచికి 25 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ అంటే 29 రూపాయల 50 పైసలు. 307 సంచులకు 9,056 రూపాయల 50 పైసలు.

ఇప్పుడు ఆ 307 సంచులు కుట్టిన కూలి ఎంతో చూడండి. ముప్పై చొప్పున 9,210 రూపాయలు. కుట్టడానికి పది మంది ఆడవాళ్ళు మిషన్ల ముందు నడుములు పోగొట్టుకున్నదానికి ఎంతో, కుట్టినవాటిని ఇంటికి తెచ్చుకోవడానికీ ఇంచుమించు అంతే.

ఇది నేను వేసిన ఊహా లెక్క. కంపెనీని బట్టి, సరుకు సైజును బట్టి, ఏడాదిని బట్టి రేట్లు మారుతుంటాయి. పాతిక బదులు పదిహేనే వేసుకోండి, కథ మారదు. పట్టుచీర మీద పాతిక రూపాయలు లెక్కలోకి రావు. ఎనభై అయిదు రూపాయల సంచి మీద అది ప్రాణం. ఈ రుసుముకు సరుకు విలువతో పని లేదు, సైజుతోనూ బరువుతోనూ పని. కనుక చవక సరుకు మీద, అంటే మన సంఘాలు చేసే సరుకు మీదే, దాని దెబ్బ ఎక్కువ.

మూటకు కాకుండా ముక్కకు ఎందుకు లెక్క కడతారు? కంపెనీ గోడౌన్ మన గజ్వేల్ మార్కెట్ యార్డు గోదాము లాంటిది కాదు. అక్కడ ఒక రైతు బస్తాలన్నీ ఒక చోట లాటుగా ఉంటాయి. ఇక్కడ మన 400 సంచులు ఒక మూల ఉండవు. ప్రతి సంచికీ బార్‌కోడు అంటిస్తారు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెడతారు. సబ్బు పక్కన సంచి, సంచి పక్కన సెల్లు కవరు. ఎక్కడుందో కంప్యూటరుకు తెలుసు. ఒకటొకటిగా అమ్మడానికి అది మంచి పద్ధతి. అన్నీ ఒక్కసారి వెనక్కి కావాలంటే మాత్రం ఒక్కొక్కటి వెతికి, చూసి, స్కాన్ చేసి, కట్టి పంపాలి. ఆ పని చేసేవాళ్ళు కూడా ఎక్కువగా కాంట్రాక్టు మీద పనిచేసే పేదవాళ్ళే. గంటల తరబడి నిలబడి చేసే పని అది. కనుక ఉత్తపుణ్యానికి చేసిపెట్టమని నేను అనడం లేదు. మన సంచి ఉచితంగా రావడం కోసం ఇంకో మనిషి కూలి తెగ్గోయడం మన ఉద్దేశం కాదు.

అయితే అసలు ఖర్చు ఎంత, వసూలు చేసేది ఎంత అనేది అడగవలసిన ప్రశ్నే. 307 గుడ్డసంచులు మడత పెడితే రెండు మూడు గోనె సంచుల్లో పడతాయి. ఆర్టీసీ కార్గోలో వేస్తే కొన్ని వందల రూపాయలతో గజ్వేల్‌లో దిగుతాయి. లేదా ఇద్దరు ఆడవాళ్ళు బస్సులో పోయి, గేటు దగ్గర తీసుకుని, నెత్తిన పెట్టుకుని రాగలరు. మన ఆడవాళ్ళు మొయ్యని మూటలా అవి? కానీ ఆ గేటు దగ్గరికి పోయి “మా సంచులు మాకియ్యుండ్రి” అంటే సెక్యూరిటీ మనిషి లోపలికి కూడా రానివ్వడు. అడగవలసింది తెర మీద, వచ్చేది కొరియర్‌లో. సాధారణంగా అన్నీ కలిసి రావు. ఒక వారం నలభై, ఇంకో వారం పద్దెనిమిది. వాటిలో కొన్నవాళ్ళు వాడి తిప్పి పంపినవీ కలిసి ఉంటాయి.

సరుకు ఎవరిది అనే ప్రశ్న ఇక్కడే వస్తుంది.

కిరాణా దుకాణం ఆయన మన పచ్చడి కొని పెట్టుకుంటే అది ఆయనది. అమ్ముడుపోకపోతే ఆయన నష్టం. ‘అమ్మితేనే డబ్బులిస్తా’ అని పెట్టుకుంటే అది మనది, కానీ నడిచి పోయి బల్ల మీది సీసా తీసుకుని రావచ్చు. ఆన్‌లైన్ కంపెనీ ఈ రెండింట్లో దేనికిందికీ రాదు. విదేశీ పెట్టుబడితో నడిచే ఆన్‌లైన్ అంగడి తన సొంత సరుకు అమ్మకూడదని 2016 మార్చిలో కేంద్ర ప్రభుత్వం మూడో నంబరు ప్రెస్ నోట్‌లో చెప్పింది. 2018 డిసెంబరు 26న ఇచ్చిన రెండో నంబరు ప్రెస్ నోట్ దాన్ని ఇంకా బిగించింది. అది 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. చిన్న దుకాణదారులను బహుళజాతి సంస్థలు మింగెయ్యకుండా పెట్టిన నిబంధన అది. మంచి ఉద్దేశమే. కాకపోతే అదే 2016 నోట్ సరుకు నిలవ చేయడం, కట్టడం, చేరవెయ్యడం లాంటి సేవలు అమ్మేవాళ్ళకు అందించవచ్చని కంపెనీలకు తలుపు తెరిచింది. దాంతో ఏమయింది? సరుకు ఎన్నాళ్ళు గోడౌన్‌లో ఉన్నా కంపెనీది కాదు, కుట్టినామెదే. అమ్ముడుపోతే కమీషన్, నిలవ ఉంటే అద్దె, వెనక్కి తెచ్చుకుంటే రుసుము. మూడు దారుల్లోనూ కంపెనీకి రాబడి ఉంది. నష్టం వచ్చే దారి ఒక్కటే, దాని చివర జగదేవ్‌పూర్ ఉంది.

చిన్న పరిశ్రమల వాళ్ళకు 45 రోజుల్లోగా డబ్బు చెల్లించాలని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం చెబుతోంది కదా అని ఎవరైనా అడగవచ్చు. అది కొనుగోలుదారుకు వర్తించే మాట. కంపెనీ కొనలేదు. కనుక ఆ చట్టం ఇక్కడ మనకు అక్కరకు రాదు.

సరే, సరుకు మనదే అన్నారు. మరి సొంతదారుకు ఉండవలసిన హక్కులు ఏవి? 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో, ఒకరి వస్తువును ఇంకొకరి దగ్గర అప్పగించి ఉంచడం గురించి ఒక అధ్యాయమే ఉంది. అప్పగించుకున్న మనిషి దాన్ని, మామూలు వివేకం ఉన్నవాళ్ళు తమ సొంత వస్తువును చూసుకునేంత జాగ్రత్తగా చూడాలని 151వ సెక్షన్ చెబుతుంది. పని పూర్తయినాక, గడువు తీరినాక, అడగకుండానే తిరిగి ఇవ్వాలని 160వ సెక్షన్ అంటుంది. నూట యాభై ఏళ్ళ కిందటి తెల్లదొరల చట్టం కూడా ‘అడగకుండానే’ అంది! అయితే ఆ చట్టం మీద ఒప్పందం అనే పొర ఒకటి పరుచుకుంటుంది. ఇంగ్లీషులో ఉన్న ఎన్నో పేజీల షరతులకు ‘ఒప్పుకుంటున్నాను’ అని ఒక గడిలో టిక్కు పెట్టి ఖాతా తెరుస్తాం. ఆ టిక్కు పెట్టింది ఎవరు? చాలాసార్లు సంఘం ఆడవాళ్ళు కాదు. ఆఫీసులో కంప్యూటర్ తెలిసిన అబ్బాయి, లేదా సంఘం లీడరు కొడుకు. ఓటీపీ వచ్చే ఫోను ఇంట్లో మగవాళ్ళ దగ్గర ఉంటుంది. రుసుములు మారాయని మెయిల్ వస్తుంది. ఆ మెయిల్ ఎవరు చూస్తారు?

మన పత్తి రైతు సంగతితో పోల్చి చూడండి. గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టం 2007లో వచ్చింది. దాని కింద రిజిస్టరయిన గిడ్డంగి ఇచ్చే రసీదు ఒక విలువైన కాగితం. దాన్ని తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తీసుకోవచ్చు, చేతులు మార్చవచ్చు. ధర లేనప్పుడు పంటను మార్కెట్ కమిటీ గోదాములో పెట్టి దాని మీద రుణం తీసుకునే పద్ధతి కూడా మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. అంటే గోదాములో ఉన్న సరుకు రైతుకు ఆస్తి. సంఘం సంచులు కూడా గోడౌన్‌లోనే ఉన్నాయి, వాటికి బార్‌కోడు కూడా ఉంది. కానీ వాటి మీద ఏ బ్యాంకూ రూపాయి ఇవ్వదు. తెర మీద ‘307’ అన్న అంకె తప్ప ఆమె చేతిలో కాగితం లేదు. నిలవ ఉన్న కొద్దీ ఆ అంకె ఆస్తి కాదు, అప్పు. రోజురోజుకూ పెరిగేది కూడా.

కొనే వైపు చూస్తే ఇంకో విచిత్రం. హైదరాబాదులో ఒకామె తెర మీద సంచి చూసి కొంటుంది. రంగు నచ్చలేదని రెండు రోజుల్లో తిప్పి పంపుతుంది. చాలా సరుకుల మీద ఆమెకు అందుకు పైసా ఖర్చు ఉండదు, ఇంటికొచ్చి తీసుకుపోతారు. 2020లో వినియోగదారుల రక్షణ చట్టం కింద ఆన్‌లైన్ వ్యాపార నియమాలు కూడా వచ్చాయి. ఫిర్యాదు అధికారి పేరు చూపాలి, తిప్పి పంపే షరతులు చెప్పాలి. మంచిదే. కానీ ఆ నియమాలు ప్రధానంగా కొనేవాళ్ళ కోసం. కొన్నామె వెనక్కి పంపడం ఉచితం, కుట్టినామె వెనక్కి తెచ్చుకోవడం ఖరీదు. పైగా ఆ ఉచితం కూడా గాల్లోంచి రాదు, అందులో కొంత భాగం అమ్మినామె ఖాతాలోంచే పోతుంది. ఈ పత్రిక చదివే మనలో చాలామందిమి ఆ కొనే ఆమె చోట ఉన్నాం. నేనూ తిప్పి పంపాను, ఒకటికి రెండుసార్లు. ఆ పొట్లం వెనక ఎవరి లెక్కలో ఎంత తరుగు పడిందో అప్పుడు ఆలోచించలేదు.

జీఎస్టీ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో ఒక ఉచ్చు ఉంది. ఆన్‌లైన్‌లో వస్తువులు అమ్మాలంటే ఎంత చిన్నవాళ్ళయినా జీఎస్టీ నంబరు తీసుకోవాలనే నిబంధన చాలాకాలం ఉండేది.  2023 అక్టోబరు 1 నుంచి, పరిమితిలోపు టర్నోవరు ఉండి సొంత రాష్ట్రంలోనే అమ్ముకునే చిన్నవాళ్ళకు నంబరు లేకుండా అమ్మే వీలు కల్పించారు. చిన్న సంఘాలకు అది నిజంగా ఊరట. కానీ సరుకును కంపెనీ గోడౌన్లలో పెట్టే పద్ధతిలోకి పోతే, దేశమంతా తొందరగా చేరాలంటే పక్క రాష్ట్రాల గోడౌన్లలో కూడా పెట్టండని సలహా వస్తుంది. సరుకు ఇంకో రాష్ట్రంలో నిలవ పెట్టిన రోజున అక్కడ వేరే రిజిస్ట్రేషను కావాలి. ఊరట పోయింది. అమ్ముడుపోక అక్కడినుంచి మన సరుకును మనమే వెనక్కి తెచ్చుకున్నా, ఒక రాష్ట్రం రిజిస్ట్రేషను నుంచి ఇంకో రాష్ట్రం రిజిస్ట్రేషనుకు పోయినట్టు లెక్క కనుక, అమ్మకం కాకపోయినా పన్ను బిల్లు వెయ్యాలి. దాన్ని తర్వాత సర్దుకోవచ్చంటారు ఆడిటర్లు. ఆ సర్దుబాటు చేసిపెట్టే ఆడిటరు ఫీజు ఎవరిస్తారు?

ఇన్నీ చూశాక సంఘం ఏం చేస్తుంది? తెర మీద రెండు దారులు ఉంటాయి. ఒకటి ‘వెనక్కి పంపండి’. రెండోది ‘పారవెయ్యండి’. చాలాచోట్ల రెండోది చవక. గడువు దగ్గర పడిన పచ్చళ్ళు, పొడుల లాంటి తిండి సరుకయితే అసలు మొదటి దారే ఉండకపోవచ్చు. తమ చేత్తో కుట్టిన మూడు వందల సంచులను పారవెయ్యమని పది మంది ఆడవాళ్ళు, డబ్బు కట్టి మరీ చెప్పాలన్నమాట. మనం దీన్ని వ్యాపారంలో నష్టం అని ఒక్కమాటలో అనేస్తాం.

ఇది జగదేవ్‌పూర్‌కే వచ్చిన కష్టమేమీ కాదు. బ్రిటన్‌లో 2021 జూన్‌లో ఐటీవీ అనే టీవీ సంస్థ స్కాట్లండ్‌లోని డన్ఫర్మ్‌లిన్ దగ్గరి అమెజాన్ గోడౌన్‌లో రహస్యంగా తీసిన చిత్రాలు చూపించింది. వాడని టీవీలు, పుస్తకాలు కూడా ‘నాశనం చెయ్యవలసినవి’ అనే పెట్టెల్లో కనబడ్డాయి. చెత్త కింద పోయినవాటిలో చాలా భాగం అక్కడ సరుకు పెట్టిన బయటి వ్యాపారులవే. నిలవ అద్దె పెరిగేకొద్దీ వాళ్ళకు అదే చవక అయింది. ఫ్రాన్సు 2020లో ఒక చట్టం చేసింది. దాని ప్రకారం 2022 నుంచి అమ్ముడుపోని బట్టలు, వస్తువులు తగలబెట్టకూడదు, చెత్తలో పడెయ్యకూడదు. దానమన్నా ఇవ్వాలి, తిరిగి వాడుకకన్నా పెట్టాలి. అక్కడ పర్యావరణం పేరుతో వచ్చింది కానీ, మన దగ్గర దాన్ని శ్రమ పేరుతో అడగవచ్చు. గోడౌన్‌లో మిగిలిన సంచులు అంగన్‌వాడీకో, సర్కారు బడికో చేరితే, కనీసం ఆ కుట్టుకు ఒక ఉపయోగమన్నా ఉంటుంది.

యూరపులో ఇంకో నిబంధన కూడా ఉంది. 2020 జులై నుంచి అక్కడ ఆన్‌లైన్ కంపెనీలు తమ షరతులు మార్చాలంటే వ్యాపారులకు కనీసం పదిహేను రోజుల ముందు తెలియజెయ్యాలి, తెర మీద ఎవరు ముందు కనబడతారో ఎందుకో వివరించాలి. ఆ ‘ముందు కనబడటం’ దగ్గరే మొత్తం మెలిక ఉంది. సంఘం గోడౌన్‌కు ఎందుకు పంపింది? ఇంట్లో పెట్టుకుని ఆర్డరు వచ్చినప్పుడు ఒక్కొక్కటి పోస్టాఫీసులోనో కొరియర్‌లోనో పంపవచ్చుగా? పంపవచ్చు. అలా చేస్తే వెనక్కి తెచ్చుకునే బాధే లేదు. కానీ అలా అమ్మేవాళ్ళ సరుకు వెనకబడుతుందని ఫిర్యాదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 సెప్టెంబరులో అమెజాన్ మీద వేసిన దావాలో ఇది ముఖ్యమైన ఆరోపణ. కంపెనీ గోడౌన్ సేవ తీసుకోనివాళ్ళకు గుర్తింపు ముద్ర దొరకడం కష్టమవుతోందని. మన దగ్గర కాంపిటీషన్ కమిషన్ 2020 జనవరిలో అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌ల మీద విచారణకు ఆదేశించింది. కొందరు అమ్మకందార్లకు పెద్దపీట వేస్తున్నారని ఆ విచారణలో తేలినట్టు 2024లో పత్రికలు రాశాయి. కంపెనీలు వీటిని కాదంటున్నాయి. ఎవరు గెలుస్తారో కోర్టులు చెబుతాయి. జగదేవ్‌పూర్ సంఘానికి అందులో తెలియవలసిన ముక్క ఒక్కటే. గోడౌన్‌కు పంపడం పూర్తిగా ఇష్టపూర్వకమైన నిర్ణయం అని కంపెనీ అన్నప్పుడు, ఆ ఇష్టం ఎలా పుట్టిందో కూడా చూడాలి.

మనలో పాతవాళ్ళకు ఈ కథ కొత్తగా అనిపించదు. 1982లో డ్వాక్రా వచ్చింది. తర్వాత సారా వ్యతిరేక పోరాటం, పొదుపు ఉద్యమం, ఊరూరా సంఘాలు. ఆ రోజుల్లో అగరుబత్తీలు, కొవ్వొత్తులు, పచ్చళ్ళు చెయ్యడం నేర్పారు. ఎక్కడ అమ్మాలో నేర్పలేదు. డ్వాక్రా బజార్లు పెట్టినప్పుడు పట్టుకుపోయి, మిగిలింది మూట కట్టుకుని బస్సులో వెనక్కి తెచ్చేవాళ్ళు. మిగిలిన పచ్చడి సంఘం ఆడవాళ్ళే పంచుకున్న సందర్భాలూ ఉన్నాయి. అది కూడా నష్టమే. నేను ఆ రోజులు బంగారు రోజులని అనను. కానీ మిగిలినది కళ్ళ ముందు ఉండేది. లెక్క పెట్టుకోవచ్చు, తక్కువకు అమ్ముకోవచ్చు, చుట్టాలకు ఇవ్వవచ్చు. ఇప్పుడు మాదాపూర్ శిల్పారామం దగ్గర ఇందిరా మహిళాశక్తి బజారు ఉంది. అక్కడా అంతే, సాయంత్రానికి మిగిలింది మన చేతిలో ఉంటుంది.

సిద్దిపేట గొల్లభామ చీరకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేసేవాళ్ళు కొద్దిమంది. ఒక్కో చీర మగ్గం మీద రోజుల తరబడి ఉంటుంది. అలాంటి చీరను తెర మీద చూపించి, ఆర్డరు వచ్చాక సిద్దిపేట నుంచి పంపడం వేరు. పది చీరలు గోడౌన్‌లో పెట్టి, ఎప్పుడు పోతాయా అని ఎదురుచూడటం వేరు. నిలవకు తట్టుకునే సరుకు, తట్టుకోలేని సరుకు అనే తేడా మన శిక్షణల్లో ఎక్కడా చెప్పడం లేదు. అందరికీ ఒకే పాఠం, ఒకే తెర.

ఇంకో సంగతి, మన సంఘాల లోపలిది. సంచులు గోడౌన్‌లో ఉన్నా బ్యాంకు కిస్తీ ఆగదు. సంఘం అప్పు అంటే పది మంది అప్పు. ఒకామె కట్టకపోతే మిగతా తొమ్మిది మంది ఆమె ఇంటి ముందు కూర్చుంటారు. బయటి కంపెనీ షరతు వల్ల వచ్చిన నష్టం సంఘం లోపలికొచ్చి ఆడవాళ్ళ మధ్య తగువుగా మారుతుంది. ‘పంపుదామన్నది నువ్వే’ అన్న మాట లీడరు మీద పడుతుంది. కుట్టుకూలి బాకీ పడినవాళ్ళు ముందు తగ్గేది మాట్లాడటంలో, తర్వాత మీటింగుకు రావడంలో. ఇంట్లో మగవాళ్ళు ‘మీకు వ్యాపారమెందుకు’ అనడానికి ఇంకో అవకాశం దొరుకుతుంది. ఇరవై ఏళ్ళు కట్టుకున్న సంఘం ఇలాంటి తొమ్మిది వేల రూపాయల దగ్గర చీలిపోగలదు. దీన్ని ఏ ఒప్పంద పత్రంలోనూ ఖర్చుగా రాయరు.

కంపెనీల వాదన ఒకటుంది. రుసుము లేకపోతే వ్యాపారులు గోడౌన్‌ను చెత్తకుప్ప చేస్తారు, అమ్ముడుపోని సరుకంతా తెచ్చి పడేస్తారు అని. పెద్ద వ్యాపారుల విషయంలో అది నిజమే. సూరత్ నుంచి లక్ష చీరలు పంపేవాడికి ఆ భయం ఉండాలి. కానీ అతనికీ, 400 సంచులు పంపిన సంఘానికీ ఒకటే రేటు, ఒకటే గడువు పెట్టడం ఎక్కడి న్యాయం? ‘మహిళల కోసం ప్రత్యేకం’ అని పెట్టిన కార్యక్రమాల్లో కమీషను తగ్గిస్తారు, ఫొటోలు తీసిపెడతారు, శిక్షణ ఇస్తారు. అవన్నీ సరుకు పోయేటప్పటి సాయాలు. అసలు సాయం కావలసింది సరుకు రాకపోకల రెండో సగంలో.

కాబట్టి సెర్ప్ గానీ, జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ గానీ, మన స్వచ్ఛంద సంస్థలు గానీ కంపెనీలతో ఒప్పందం రాసుకునేటప్పుడు ఈ సంగతి కాగితం మీదికి తేవాలి. మొదటి ఏడాది అమ్ముడుపోని సరుకు వెనక్కి రావడానికి సంఘం పైసా కట్టనక్కర్లేదని. ఆ తర్వాత కూడా ముక్కకు కాకుండా మూటకు, అయిన ఖర్చు మేరకే అని. నెలలో ఒక రోజు గేటు దగ్గర సంఘం మనిషి గుర్తింపు కార్డు చూపించి తన సరుకు తాను తీసుకుపోవచ్చని. సంఘం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఏ సరుకూ పారవెయ్యకూడదని. రుసుము మారితే తెలుగులో ముందుగా చెప్పాలని. ఒప్పందాలు మన పేరు మీద జరుగుతున్నాయి కనుక అవి చూపించమని సమాచార హక్కు కింద అడగవచ్చు. సెర్ప్ ప్రభుత్వ సంస్థే. ఎన్ని సంఘాలు చేరాయి, ఎంత సరుకు పంపాయి, ఎంత అమ్ముడయింది, ఎంత వెనక్కి వచ్చింది, ఎంత నాశనమయింది అని అయిదు అంకెలు అడిగితే చాలు. చేరిన సంఘాల సంఖ్య వెంటనే చెబుతారు. మిగతా నాలుగూ తెప్పించుకోవడమే మన పని.

కార్యకర్త మిత్రులు కొందరు, ఇదంతా ఎందుకు, ఆన్‌లైన్ వద్దు అంటే సరిపోతుంది కదా అంటారు. నేను అలా అనలేను. ఊళ్ళో సంతలో పది మందికి కనబడే సంచి తెర మీద పదివేల మందికి కనబడుతుంది. దాన్ని కాదనే హక్కు మనకు లేదు, కుట్టేవాళ్ళది అది. అయితే మొదటిసారి నాలుగు వందలు కాదు, ముప్పై పంపాలి. పంపే ముందు ‘వెనక్కి రావడానికి ఎంత?’ అని అడిగి, ఆ అంకె సంఘం తీర్మాన పుస్తకంలో అమ్మకం ధర పక్కనే రాయాలి. ఖాతా పాస్‌వర్డు, ఓటీపీ వచ్చే ఫోను సంఘంలోని ఇద్దరు ఆడవాళ్ళ దగ్గర ఉండాలి. సరుకు పోయిన తేదీ రాసుకుని, నిలవ అద్దె పెరిగే తేదీకి నెల ముందు కూర్చుని నిర్ణయం తీసుకోవాలి. కిస్తీ తేదీ గుర్తుపెట్టుకోగలిగిన సంఘాలకు ఇదేమీ బరువు కాదు.

మన లెక్కలోని ఆ 307 సంచుల సంగతి తేల్చలేదు కదా. ఏప్రిల్‌లో ఉన్నాం అనుకున్నాం. జూన్‌లో బడులు తెరుస్తారు. టిఫిన్ సంచులకు గజ్వేల్‌లో, సిద్దిపేటలో, బడుల ముందు అదే సీజను. అన్నీ తేనక్కర్లేదు. 150 తెప్పించుకుంటే 4,425 రూపాయలు అవుతుంది. ఒక్కోటి 100 రూపాయలకు చేతిమీద అమ్మినా 15,000 వస్తుంది. తెచ్చిన ఖర్చు పోను 10,575. ఆ 150 సంచుల కూలి 4,500 బాకీ తీరుతుంది, ఒక కిస్తీకి కొంత జమవుతుంది. మిగిలిన 157 తెర మీదే ధర తగ్గించి వదలాలి. అయితే వెనక్కి పంపమని అడిగిన సరుకు చేతికి రావడానికి వారాలు పడుతుంది కనుక, ఆ అడగడం మే మొదటి వారం దాటకూడదు.